బియ్యం గ్లాసు, నూనె సీసా

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల కోసం ఏర్పాటైన ఒక ఆరోగ్య సదస్సులో పోషకాహార నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ ఖాళీ ఉంది. బల్ల మీద కొన్ని వస్తువులు చూపించాలి, అక్కడ్నుంచి కనపడవు.

ఇవన్నీ మీ వంటింట్లో ఉండేవే. ఇది బియ్యం కొలిచే స్టీలు గ్లాసు. ఇది నూనె సీసా. ఇది కాటా. ఆ చివర ఉన్నవి మెంతులు, దాల్చినచెక్క, తిప్పతీగ పొడి, త్రిఫల చూర్ణం, పేరూ ఊరూ లేని ప్యాకెట్టు ఒకటి. బరువు తగ్గాలనుకున్న మనిషి సాధారణంగా ఆ చివర్నుంచి మొదలుపెడతాడు. ఈ రోజు మనం ఈ చివర్నుంచి మొదలుపెడదాం. ఒళ్లు పెరిగేదీ తగ్గేదీ గ్లాసు దగ్గర, సీసా దగ్గర. పొడుల దగ్గర కాదు. నేను చెప్పడానికి వచ్చింది ఈ మాటే, మిగతాదంతా దాని లెక్కలు.

అసలు తగ్గాల్సిన అవసరం ఉందో లేదో ముందు చూసుకోండి. టేపు తీసుకుని, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలేశాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవండి. బొడ్డు మీదుగా కాదు, చీర కుచ్చిళ్ల మీదుగా అసలే కాదు. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే పొట్టలో కొవ్వు చేరుతోందని అర్థం. బాడీ మాస్ ఇండెక్స్ అంటారే, కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది, అది మన దేశస్థులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. పాశ్చాత్యుల పట్టికలో 25, 30 అని ఉంటాయి. అవి మనకి సరిపోవు. మనం సన్నగా కనపడుతూనే పొట్టలో కొవ్వు పెంచుకునే జాతి.

ఇప్పుడు గ్లాసు. ఇదిగో, అంచుకి సమంగా బియ్యం పోశాను. కాటా మీద పెడుతున్నాను. గ్లాసు బరువు తీసేస్తే 170 గ్రాములు. మీ ఇంట్లో గ్లాసు 150 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. ఇంటికెళ్లి ఈ రాత్రే తూచండి, కాటా లేకపోతే కిరాణా కొట్టులో తూయించండి. ఈ ఒక్క అంకె తెలియకుండా చేసే పథ్యమంతా చీకట్లో బాణమే.

నలుగురున్న ఇంట్లో పూటకి మూడు గ్లాసులు పడేస్తారనుకుందాం. అంటే 510 గ్రాములు, మనిషికి సుమారు 127. రెండు పూటలకీ 255. పొద్దున్న ఉప్మా, ఇడ్లీ, అటుకులు ఏది తిన్నా ఇంకో 70, 75 గ్రాముల గింజ. మొత్తం 330. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీలు తినే మనిషికి చెప్పిన ధాన్యం 250 గ్రాములే. మొత్తం కేలరీల్లో ధాన్యం నుంచి వచ్చేది 45 శాతం మించకూడదని కూడా అందులోనే ఉంది. ఎక్కువ సేపు కూర్చునే పనిచేసే ఆడమనిషికి ఆ సంస్థే లెక్కగట్టిన అవసరం రోజుకి 1660 కేలరీలు. అందులో 45 శాతం అంటే 750 కేలరీలకి కొంచెం తక్కువ. బియ్యం 100 గ్రాములకి సుమారు 350 కేలరీలు. కాబట్టి ఆవిడ ధాన్యం వాటా రోజుకి 210 గ్రాములు. తింటున్నది 330. ఆ తేడా 120 గ్రాములు 420 కేలరీలతో సమానం. "నేనేం తిననమ్మా, రెండు పూటలా అన్నమే కదా" అంటారు చూశారా, ఆ మాట అబద్ధం కాదు. వాళ్లు నిజంగానే అన్నమే తింటున్నారు, ఎక్కువైనదీ ఆ అన్నమే.

అందుకని మూడు గ్లాసుల్ని రెండు చేయండి. 340 గ్రాములు నలుగురికి, మనిషికి పూటకి 85. ఉడికాక అది 240 గ్రాముల అన్నం, ఇదిగో ఈ గిన్నెడు. తక్కువేం కాదు, చూడండి. ఒక్కసారిగా చేయకండి, మొదటి రెండు వారాలు రెండున్నర గ్లాసులు, ఆ తర్వాత రెండు. ఎదిగే పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, రోజంతా మూటలు మోసే, పొలంలో వంగి పనిచేసే మనిషికి ఈ కోత వర్తించదు. వాళ్లున్న ఇంట్లో ముందు వాళ్ల వాటా తీసి పక్కన పెట్టి, మిగతావాళ్లకి కొలవండి.

ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. అన్నం తగ్గిస్తారు, ఆ ఖాళీలో ఏమీ పెట్టరు. సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్లు తిరుగుతాయి. సందు చివర బరా, పియాజీ, గుప్‌చుప్ బండి కనపడుతుంది. మధ్యాహ్నం మిగిల్చిన 150 కేలరీలకి సాయంత్రం 400 వచ్చి చేరతాయి. తగ్గించిన అన్నం స్థానంలో కంచంలో పప్పూ కూరా పెరగాలి. రోజుకి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, అంటే పచ్చివి తూచినప్పుడు. ఆలుగడ్డ, చామదుంప ఆ లెక్కలోకి రావు. అవి కూడా పిండిపదార్థమే, వాటిని అన్నం పక్కన రాసుకోండి.

కంచంలో కూర పెంచడానికి మన పక్కింటి ఒడియావాళ్ల వంటే ఒకటుంది, దాల్మా. మనవాళ్లు పండగకో పబ్బానికో వండి ఊరుకుంటారు. వారంలో నాలుగు రోజులు వండుకోదగ్గ వంట అది. నలుగురికి కందిపప్పో పెసరపప్పో 200 గ్రాములు, కూరగాయలు 600 గ్రాములు: పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, వంకాయ, మునక్కాడ. పప్పు సగం ఉడికాక బొప్పాయి, అరటికాయ వేయాలి. అవి మెత్తబడ్డాక వంకాయ, మునక్కాడ, ఆఖర్న గుమ్మడి. అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేస్తే గుమ్మడి కరిగిపోయి ముద్దవుతుంది, నమలడానికి ఏమీ మిగలదు. నమిలితేనే కడుపు నిండిన సంగతి ఒంటికి తెలుస్తుంది. పోపుకి రెండు చిన్న చెంచాల నూనె, పంచఫుటణ్ అనే అయిదు రకాల పోపుగింజలు, పైన వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిరప పొడి. మనిషికి 50 గ్రాముల పప్పు పడుతుంది, అందులో 11 గ్రాములకి పైగా ప్రొటీన్. పెద్ద ఆడమనిషికి రోజుకి కావాల్సింది 46 గ్రాములు, మగమనిషికి 54. బొప్పాయి దొరకలేదని దాని బదులు అరకిలో ఆలుగడ్డ, పైన కొబ్బరి చిప్ప తురుము వేస్తే అది వేరే వంట అవుతుంది, దాల్మా కాదు. తినేవాళ్లు చేపలు తినండి. గోపాల్‌పూర్ రేవు పక్కనే ఉంది, చిలికా ఎంతో దూరం లేదు. పులుసు పెట్టిన చేప 100 గ్రాములు తింటే 18, 20 గ్రాముల ప్రొటీన్. వేయిస్తే ఆ నూనె కూడా లెక్కలోకి వస్తుంది.

పొద్దుటిపూటకి చోళ్లు. కోరాపుట్, రాయగడ వైపు మండియా అంటారు, తెలంగాణవాళ్లు తైదలంటారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక చోళ్లు మళ్లీ మన కొట్లలోకొచ్చాయి. నవంబరు 10న మండియా దివస్ కూడా చేస్తున్నారు. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పదో పదిహేనో. పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది. ఇవి నిజం. అయితే చోళ్లు తింటే బరువు దానంతటదే తగ్గుతుందన్నది నిజం కాదు. 100 గ్రాముల చోడిపిండికి 320 కేలరీలు, బియ్యానికి 350. అంతే తేడా. ఉపయోగం ఎక్కడంటే, 30 గ్రాముల పిండితో పెద్ద లోటాడు అంబలి అవుతుంది. కేలరీలు నూరు కూడా దాటవు, కడుపు నిండుతుంది.

అంబలి సరిగ్గా ఎలా కాచాలో చెప్తాను. మనిషికి మూడు చెంచాల పిండి, పెద్ద చెంచాతో తలగొట్టి, 30 గ్రాములకి దగ్గరగా వస్తుంది. రాత్రి 100 మిల్లీలీటర్ల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచండి. పొద్దున్నకి కొంచెం పులుస్తుంది, పులిస్తే చోళ్లలోని ఇనుము ఒంటికి పట్టడం మెరుగవుతుంది. 400 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, సెగ తగ్గించి, ఆ జారుని సన్నధారగా పోస్తూ తిప్పుతూ ఉండాలి. ఎనిమిది నుంచి పది నిమిషాలు. మొదట లేత గోధుమరంగులో ఉన్నది ముదురై, గరిటెకి నిగనిగలాడుతూ అంటుకుంటుంది. పచ్చిపిండి వాసన పోవాలి, అదే గుర్తు. పొడిపిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉన్న ఉండలు కడతాయి, అవే కడుపుబ్బరం తెచ్చేవి. చల్లారాక 100 మిల్లీలీటర్ల పల్చటి మజ్జిగ, చిటికెడు ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ. పక్కన ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు మొలకెత్తిన పెసలో ఉండాలి. అంబలి ఒక్కటే తాగితే పదింటికల్లా ఆకలేస్తుంది. రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి: బెల్లం వేసి పాయసం చేయడం, అంబలి తాగి ఆ తర్వాత మామూలు టిఫిన్ కూడా తినడం.

ఇక పఖాళ, అంటే నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం. ఒడియావాళ్లు మార్చి 20న పఖాళ దివస్ చేసుకుంటారు. మన అమ్మమ్మలకి తరవాణి కుండ ఉండేది, వీళ్లు ఆ పులిసిన నీళ్లని తొరాణి అంటారు. పేర్లే చెప్తున్నాయి రెండూ ఒకటేనని. ఎండాకాలం బరంపురంలో ఇంతకన్నా చలవ చేసే తిండి లేదు. అన్నం చల్లారితే అందులోని గంజిపదార్థంలో కొంతభాగం జీర్ణం కాని పీచులా మారుతుంది. అది మంచిదే, కొంచెమే. దాని పేరు చెప్పి ముప్పావు కుండ తినకూడదు. పఖాళలో అసలు లాభం నీళ్లు: 60 గ్రాముల బియ్యం అన్నంతో పెద్ద గిన్నె నిండుతుంది.

అన్నం పూర్తిగా చల్లారాక దానికి రెండింతల నీళ్లు పోసి, ఒక చెంచా పెరుగో నిన్నటి తరవాణో కలిపి, మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో పల్చటి గుడ్డ కట్టి ఉంచాలి. చలికాలం రాత్రంతా, మే నెలలో ఆరుగంటలు చాలు. అన్నాన్ని గోరువెచ్చగా, పొడిగా, గట్టిగా మూతపెట్టి గంటల తరబడి ఉంచేసి, ఆ తర్వాత నీళ్లు పోయడం ప్రమాదం. అలా వెచ్చగా ఉన్న అన్నంలో పెరిగే ఒక బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు, కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. నీళ్లలో త్వరగా పులిస్తే ఆ పులుపే దాన్ని ఎదగనివ్వదు. పుల్లటి కమ్మటి వాసన ఉంటే సరే. చేత్తో తీస్తే తీగలు సాగినా, గులాబీరంగు చారలు కనపడినా, కుళ్లు వాసన వచ్చినా పారబోయండి, మొహమాటం వద్దు.

పఖాళతో చేటు దాని పక్కన కూర్చున్నవాటి వల్ల. వేయించిన బడి వడియాలు, అప్పడం, ఆలూ భజా, ఎండుచేప వేపుడు, ఆవకాయ. బరంపురం అప్పడాలకీ ఊరగాయలకీ దేశమంతా పేరు, ఆ పేరు మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాను. అప్పడాన్ని నిప్పుల మీద కాల్చండి. నూనెలో వేయిస్తే దాని కేలరీలు ఇంచుమించు రెట్టింపవుతాయి. ఆవకాయలో తూకంలో పదోవంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉప్పే ఉంటుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. ఎండుచేపని వేడినీళ్లలో మూడుసార్లు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఆ తర్వాత పులుసులో వేయండి. పఖాళ కుండలో ఉప్పు వేయకండి, కావాలంటే కంచంలో చిటికెడు. ఉప్పు ఎక్కువైన మర్నాడు కాటా మీద కిలో పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో ఆగిన నీరు. కానీ బీపీకి ఆ తేడా తెలియదు.

ఇప్పుడు సీసా. నూనె ఏదైనా గ్రాముకి 9 కేలరీలు. ఆవనూనె, వేరుశనగ నూనె, నువ్వుల నూనె, కోరాపుట్ వలిసె నూనె, గానుగలో ఆడించినదైనా ఫ్యాక్టరీదైనా, నెయ్యైనా. "గానుగ నూనె కదా, ఎంత వాడినా ఫరవాలేదు" అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినపడుతోంది. గానుగ నూనెకి రుచి ఉంది, వాసన ఉంది, కేలరీలో తగ్గింపు లేదు. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. అది కరగాలంటే పెద్దవాళ్లకి అరగంట చురుకైన నడక కావాలి.

పోషకాహార సంస్థ చెప్పింది 2000 కేలరీల మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. బరువు తగ్గాలనుకునేవాళ్లు 20 దగ్గర ఆగండి. నలుగురికి వారానికి 560 గ్రాములు, మిల్లీలీటర్లలో 600 కొంచెం దాటుతుంది. ఇదిగో ఈ ఖాళీ సీసా మీద 600 దగ్గర గీత గీశాను. ఆదివారం పొద్దున్న గీత దాకా పోయండి. డబ్బాలోంచి మళ్లీ పోయకూడదు. శనివారం రాత్రికి అయిపోవాలి. మొదటి వారం బుధవారానికే అయిపోతుంది, కంగారుపడకండి. అప్పుడే తెలుస్తుంది ఎక్కడ పోతోందో. చాలా ఇళ్లలో వేపుళ్లలో పోతుంది. వంకాయ ముక్కని నూనెలో వేసి చూడండి, స్పాంజిలా పీల్చి కూర్చుంటుంది. అదే ముక్కకి ఉప్పు రాసి పదినిమిషాలు ఉంచి, నీరు పిండి, మూతపెట్టి ఆవిరి మీద మగ్గించి ఆఖర్న ఒక చెంచా నూనె తిప్పితే మూడోవంతు నూనెతో కూర అయిపోతుంది. ఒడియా సంతుళా చేసే పద్ధతి అదే. పూరీలు వేయించిన నూనెని "పారేయడం ఎందుకు" అని మర్నాడు కూరలో గుమ్మరించడం ఇంకో దారి. మళ్లీ మళ్లీ కాగిన నూనె గుండెకి చేటు. పూరీలు వేయించేటప్పుడే చిన్న మూకుడు పెట్టండి, మిగలదు. సీసాకి సన్నమూతి ఉండాలి. వెడల్పు మూతి డబ్బాతో పోస్తే చెయ్యి ఆగదు.

నడక గురించి అందరికీ తెలిసిందే, గబగబా చెప్తాను. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేలా కానీ పాట పాడలేనంత వేగంతో. వారానికి రెండుసార్లు కండకి పని: కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు, మూడు విడతలు. ఏప్రిల్ నుంచి ఎండెక్కాక వద్దు, తెల్లవారుజామునే కానివ్వండి.

ఎంత తగ్గాలి, ఎంత కాలంలో? ఆరునెలల్లో ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు. తక్కువనిపిస్తుంది, కానీ బీపీలో, షుగర్లో, మోకాళ్ల నొప్పిలో తేడా రావడానికి అది చాలు. ఒక కిలో కొవ్వులో 7700 కేలరీలు దాక్కున్నాయి. రోజుకి 500 తగ్గిస్తే వారానికి అరకిలో, అది కూడా మొదట్లోనే. ఒళ్లు తేలికైన కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది, కాబట్టి తర్వాత నిదానమవుతుంది. మూడో నెలలో కాటా కదలకపోతే పథ్యం చెడిపోయిందని కాదు, మళ్లీ ఒకసారి గ్లాసు తూచండి, సీసా చూడండి.

"వారంలో నాలుగు కిలోలు" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పనక్కర్లేదు, కాటా నిజంగానే అంత చూపించొచ్చు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే అది ఖాళీ అయి నీరంతా మూత్రంలో పోతుంది. మళ్లీ రెండు రోజులు అన్నం తినగానే తిరిగొస్తుంది. అలాగే కొనసాగిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడొచ్చు. రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లతో ఊడుతుంది. అప్పటికి ఆ పథ్యం మర్చిపోయి ఉంటారు, తలనూనె మారుస్తూ తిరుగుతారు. ఆడవాళ్లు 1200 కేలరీలకన్నా కిందకి వైద్యులు చెప్తే తప్ప దిగొద్దు.

సరే, ఇప్పుడు బల్ల ఆ చివరకి వెళ్దాం.

మెంతులు. వీటిమీద మన పోషకాహార సంస్థలోనే పరిశోధనలు జరిగాయి. తూకంలో దాదాపు సగం పీచే. రెండు చిన్న చెంచాలు రాత్రి నానబెట్టి పొద్దున్న నమిలి తింటే భోజనం తర్వాత షుగర్ పెరిగే వేగం కొంత తగ్గుతుంది, ఆకలి కాస్త ఆగుతుంది. నీళ్లు మాత్రమే తాగి గింజలు పారేస్తే పీచంతా పోయినట్టే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్ర ముందు మామూలు నీళ్లతో వేసుకుని, మెంతులు చాలా సేపటి తర్వాత తినండి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇసబ్‌గోల్. ఒక చిన్న చెంచా నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పైన ఇంకో గ్లాసు నీళ్లు. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. మందులకీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

తేనె నిమ్మరసం. నిమ్మకాయ కొవ్వుని కరిగించదు. పెద్ద చెంచా తేనెలో 60 కేలరీలు. రెండు పూటలా తాగితే ఒక చెంచా నూనె తాగినట్టే. నిమ్మరసం ఇష్టమైతే తేనె లేకుండా, భోజనంతో తాగండి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టడానికి అది నిజంగా పనికొస్తుంది.

దాల్చినచెక్క. మన కొట్లో దొరికే మందపాటి చెక్క ఎక్కువగా కాసియా జాతిది. అందులో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. మసాలాలో ముక్క వేస్తే ఏమీ కాదు, రోజూ చెంచాడు పొడి నెలల తరబడి మింగితే కాలేయానికి భారం.

తిప్పతీగ. కరోనా రోజుల్లో ఇంటింటా కషాయం కాచారు. దాన్ని వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అన్న వాదం వచ్చింది. వాదం ఎలా ఉన్నా, కొట్లో పొడి కొనే మనకి ఆ రెంటికీ తేడా కనిపెట్టే దారి లేదు. బరువు తగ్గడానికైతే దానితో పనే లేదు.

త్రిఫల, సునాముఖి. విరేచనమైతే బరువు తగ్గిందనుకుంటారు. తిన్న తిండిలోని కేలరీలు చిన్నపేగులోనే ఒంట్లోకి వెళ్లిపోతాయి. ఈ మందులు పనిచేసేది ముఖ్యంగా ఆ తర్వాత వచ్చే పెద్దపేగులో. అక్కడ పోయేది నీరు, దాంతోపాటు పొటాషియం. రోజూ వాడితే పేగు వాటికి అలవాటు పడొచ్చు. "స్లిమ్మింగ్ టీ" అని అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేది సునాముఖి ఆకే, అట్ట మీద చదివి చూడండి.

ఇదిగో, ఈ పేరులేని పొడి. దీని గురించి గట్టిగా చెప్తున్నాను. సిబుట్రమిన్ అని ఆకలి చంపే మందు ఉండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు బయటపడి 2010లో ఐరోపాలో, అమెరికాలో ఆపేశారు, మన దేశంలోనూ నిషేధించారు. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి పొడుల్లో, మాత్రల్లో అదే మందు కలిపి ఉన్నట్టు ప్రపంచమంతటా పరీక్షల్లో దొరుకుతూనే ఉంది. మూలిక ఏదీ రెండు రోజుల్లో ఆకలి చంపేయదు. పొడి మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే ఆకలి పూర్తిగా పోయి, నోరు ఎండుతూ, గుండె దడదడలాడుతూ, నిద్ర పట్టకపోతే అది మూలిక పని కాదు. వెంటనే ఆపి, ఆ ప్యాకెట్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మన ప్రాంతానికి ఇంకో జాగ్రత్త కావాలి. ఇచ్ఛాపురం దాటితే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలుసు. అక్కడి ఆడపడుచులు, అల్లుళ్లు ఈ ఊళ్లో ఎంతోమంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, జబ్బు ముదిరేదాకా నొప్పి కూడా తెలియదు. కాబట్టి ఆ వైపు మనుషులు ప్రొటీన్ పౌడర్లు, కషాయాలు, ఆకుకూరల పచ్చి జ్యూసులు మొదలుపెట్టకముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. కరమంగా, అంటే నక్షత్ర పండు, ఇక్కడ దొడ్లో విరివిగా కాస్తుంది. దాని జ్యూసు "షుగర్‌కి మంచిది" అని గ్లాసులకొద్దీ తాగిస్తున్నారు. మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి ఆ పండు విషంతో సమానం. ఆగని ఎక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్, ప్రాణాలు కూడా పోతాయి. బాగున్న మనిషి కూడా ఖాళీ కడుపుతో ఎక్కువ జ్యూసు తాగితే అందులోని ఆక్సలేట్ మూత్రపిండాల్లో పేరుకుంటుంది. పచ్చడిలో రెండు ముక్కలు వేరు, గ్లాసుడు రసం వేరు.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒకావిడ: మా వారికి షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఆయనకి కూడా అన్నం ఇలాగే తగ్గించొచ్చా అమ్మా?)

తగ్గించాలి, కానీ ముందు ఆయన డాక్టర్ని కలవండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ అన్నం మూడోవంతు తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు కూడా తగ్గాల్సి వస్తుంది. ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, ఆకలి, మాట తడబడటం కనపడితే వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

(ఇంకొకరు: కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసం ఉంటాం. అయినా తగ్గడం లేదు.)

ఉపవాసం రోజు ఏం తింటున్నారో రాసుకోండమ్మా. సగ్గుబియ్యం ఉప్మాలో వేరుశనగలు, నూనె. మధ్యలో రెండు అరటిపళ్లు, గ్లాసు పాలు పంచదారతో. రాత్రి నక్షత్రం చూశాక పులిహోర, పాయసం. లెక్కేస్తే మామూలు రోజుకన్నా ఎక్కువ వస్తుంది. భక్తి తగ్గించమనను. పళ్లు, మజ్జిగ, నానబెట్టిన పెసరపప్పుతో ఉండి, రాత్రి మామూలు భోజనం ఒకసారి చేయండి.

(ముందు వరసలోంచి: మార్గశిరంలో పక్కింటివాళ్లు మాణబసా లక్ష్మీపూజకి పిఠాలు, అదే పిండివంటలు, పంపుతారు, వద్దనలేం కదా!)

ఎందుకు వద్దనాలి, తినండి. పిఠాలన్నీ ఒకటి కాదు. కాకరా, అరిసా నూనెలో వేగినవి. అరిసా అంటే మన అరిసే. అవి ఒకటి తీసుకుని మిగతావి పిల్లలకి పెట్టండి. మండా, ఎండూరి ఆవిరి మీద ఉడికినవి. ఎండూరిలో మినప్పిండి కూడా ఉంటుంది, పసుపాకు వాసనతో కడుపు నిండిపోతుంది. అవి రెండు తిని, ఆ పూట అన్నం బదులు దాల్మా ఒక గిన్నె, పెరుగు ఒక కప్పు తీసుకోండి. లోపల పెట్టే కొబ్బరి బెల్లం కూడా లెక్కలోదే. మీరు తిరిగి పంపేటప్పుడు అందులో బెల్లం పావువంతు తగ్గించి వండి పంపండి, కొబ్బరి తీపే చాలు, ఎవరూ కనిపెట్టలేరు.